నలుగురితో కలిసి తోటపని చేస్తే ఒంటరితనం నిజంగా తగ్గుతుందా?

తగ్గుతుంది. నా ఉద్దేశంలో అసలు కారణం, అక్కడ మాట కలపడం తేలిక. కొత్తవాళ్లతో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడాలంటే చాలామందికి బెరుకు. అదే పక్కపక్కన కలుపు తీస్తుంటే చూపు మట్టి మీద ఉంటుంది, మౌనంగా ఉన్నా ఎవరూ తప్పుపట్టరు, మాట దానంతటదే వస్తుంది. పైగా మొక్కలకు నీళ్లు పోయాలి కాబట్టి మళ్లీ వెళ్లాల్సిందే. అవే ముఖాలు పదేపదే కనిపించి పరిచయం పెరుగుతుంది. "నిన్న రాలేదేం?" అని అడిగే మనిషి ఉండటం ఒంటరిగా బతికేవాళ్లకు చాలా పెద్ద విషయం.

ఒత్తిడి సంగతికొస్తే, 2011లో ప్రచురితమైన ఒక డచ్ ప్రయోగంలో ముందు అందరికీ ఒత్తిడి పెట్టే పని ఇచ్చారు. తర్వాత కొందరు 30 నిమిషాలు తోటపని చేశారు, మిగతావాళ్లు చదువుకున్నారు. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ రెండు గుంపుల్లోనూ తగ్గింది, తోటపని చేసినవారిలో ఇంకా ఎక్కువగా. అయితే పాల్గొన్నది 30 మందే, అందరూ తోటపని అలవాటున్నవాళ్లే.

తీవ్రమైన డిప్రెషన్ ఉంటే ఇది వైద్యానికి తోడు మాత్రమే, దీన్ని నమ్ముకుని మందులు ఆపకండి. కొత్తగా చేరేవారు మొదట్లోనే పెద్ద మడి తీసుకోవద్దు. ఎక్కువమంది వచ్చే రోజేదో కనుక్కుని ప్రతి వారం అదే సమయానికి వెళ్లండి.