టేపు, మాడు, స్కాన్

అమ్మాయ్,

పాప తల పెద్దదవుతోందని రాశావు. స్కాన్ సంగతి తర్వాత, ముందు టేపు. సాగని టేపును కనుబొమల మీదుగా, చెవుల పైనుంచి, వెనక బాగా ఉబ్బున్న చోటికి కలిసేట్టు చుట్టు. మూడుసార్లు కొలిచి పెద్ద అంకె రాసుకో. నెలలు నిండి పుట్టిన బిడ్డకి మొదటి 3 నెలలు నెలకి 2 సెంటీమీటర్లు, తర్వాత 3 నెలలు నెలకి 1, అక్కణ్ణుంచి ఏడాది దాకా నెలకి అర, సుమారుగా అంతే పెరగాలి. మీ అత్తగారు మా వంశంలో అందరివీ పెద్ద తలలే అంటారు. నిజమే కావచ్చు, మీ ఆయన తల కూడా కొలిచి రాసుకుపో, డాక్టరు అడుగుతారు.

ఐదో నెలే కాబట్టి మాడు ఇంకా మెత్తగానే ఉంటుంది. దానిమీద జెల్లు పూసి చేసే అల్ట్రాసౌండుతో మొదలుపెడతారు. రేడియేషన్ లేదు, మత్తు లేదు. మెదడులో నీళ్లుండే నాలుగు గదులు (పక్కవి రెండు, మూడోది, నాలుగోది) ఉబ్బాయో లేదో తేలిపోతుంది. వెనకభాగం మాత్రం దానికి సరిగా అందదు, అక్కడ ఎమ్మారై కావాలి. పక్కగదులూ మూడోదీ ఉబ్బి నాలుగోది మామూలుగా ఉంటే, మూడోదానికీ నాలుగోదానికీ మధ్యనున్న సన్నటి దారి మూసుకుందని అర్థం. తూము పూడితే ఎగువ చేలు మునిగినట్టే. నాలుగో గదే తిత్తిలా పెరిగి, చిన్నమెదడు నడిమి భాగం ఎదగకపోతే డాండీ వాకర్ అంటారు. రిపోర్టులో అరాక్నాయిడ్ సిస్టు, అంటే మెదడు మీది పొరలో నీటితిత్తి, అనుంటే హడలిపోవాకు. చాలావాటిని ఏమీ చేయకుండా గమనిస్తూ ఉంటారంతే.

ఎమ్మారైకి మత్తిస్తే తల్లిపాలు 4 గంటల ముందు, డబ్బాపాలు 6 గంటల ముందు ఆపమంటారు, మత్తు డాక్టరు చెప్పిన టైమే లెక్క. ఉదయగిరి బస్సులో ఏడుస్తోందని పాలు పట్టేశావో, స్కాన్ వాయిదానే. మత్తులో కక్కితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి మరి. ముందురోజే నెల్లూరు చేరుకో. జలుబుంటే దాచకు. వెండి మొలతాడు, పట్టీలు, తాయెత్తు, జుబ్బాకి గుచ్చిన పిన్నీసు ఇంట్లోనే తీసెయ్. గదుల సైజు చూడ్డానికే అయితే, కొన్ని నిమిషాల్లో అయ్యే త్వరిత ఎమ్మారై ఉందేమో అడుగు, మత్తు తప్పొచ్చు.

మాడు ఉబ్బి బిగుసుకున్నా, ఆగకుండా వాంతులైనా, మగతగా పడున్నా, నల్లగుడ్లు కిందికి వాలి పైన తెల్లగుడ్డు కనపడుతున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకు, వెంటనే పెద్దాసుపత్రికి పో. అప్పుడు సీటీ అంటే రేడియేషన్ అని వెనకాడకు, నిమిషాల్లో అయిపోతుంది.

వచ్చేటప్పుడు ఫిల్ములతోపాటు సీడీ కూడా అడిగి తీసుకో. రెండోసారి తీసినప్పుడు దీంతోనే పోల్చాలి.

మీ పెద్దమ్మ