గడ్డ విషయంలో ప్రార్థనతో పాటు పరీక్ష కూడా కావాలి

ప్రశ్న: నా వయసు 47. మాది గుంటూరు దగ్గర పల్లె. ఎడమ రొమ్ములో నాలుగు నెలలుగా గడ్డ ఉంది, నొప్పి లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ రెండుసార్లు వాడాను. షుగర్ మాత్రలు వేసుకుంటాను, శుక్రవారాలు ఉపవాస ప్రార్థనకు వెళతాను. ఈ శ్రమను దేవుడు ఏదో ఉద్దేశంతోనే అనుమతించాడని నమ్ముతున్నాను. అయినా రాత్రిళ్లు భయంతో నిద్ర పట్టడం లేదు. నా విశ్వాసం తగ్గిపోయిందా?

సమాధానం: మీరు విశ్వాసం గురించి అడిగారు గానీ, మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినవి 'నాలుగు నెలలు', 'నొప్పి లేదు' అన్న మాటలు. రొమ్ములో కనిపించే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. అయితే క్యాన్సర్ గడ్డ తొలి దశలో చాలామందికి నొప్పి పెట్టదు కాబట్టి, నొప్పి లేకపోవడాన్ని మంచి సూచనగా తీసుకోకూడదు. చూడకుండా ఇది ఫలానా గడ్డ అని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఈ వారంలోనే సర్జన్‌ను కలవండి. వారు చేత్తో పరీక్షించి, మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే), అల్ట్రాసౌండ్ చేయించి, అవసరమనుకుంటే సూదితో ముక్క తీసి పరీక్షకు పంపుతారు. సూది గుచ్చితే జబ్బు ఒళ్లంతా పాకుతుందన్న భయంతో ఈ దశలోనే వెనక్కి వెళ్లిపోయేవారున్నారు. ఆ భయానికి ఆధారం లేదు. చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి లాగినా, రక్తం కారినా, చంకలో గడ్డ తగిలినా ఒక్కరోజు కూడా ఆగవద్దు.

మందుల షాపు సంగతి చెప్పక తప్పదు. పరీక్ష లేకుండా యాంటీబయాటిక్ ఒకసారి వాడడమే పొరపాటు, తగ్గలేదని రెండోసారి వాడడం ఇంకా పెద్ద పొరపాటు. గడ్డ ఏమిటో తేల్చుకోవలసిన కాలమంతా ఆ మాత్రలు మింగేశాయి. తొలి దశలో తెలిస్తే రొమ్ము క్యాన్సర్ నయమయ్యే అవకాశాలు చాలా బాగుంటాయి, ఆలస్యమయ్యేకొద్దీ అవి తగ్గుతాయి. ఖర్చుకు వెనుకాడుతుంటే, ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో క్యాన్సర్ చికిత్స ఉంది. అర్హత గురించి ఆస్పత్రిలోని సహాయ కేంద్రంలో అడగండి.

దేవుని ఉద్దేశం ఏమిటో చెప్పడానికి నాకంటే మీ పాస్టరుగారు తగినవారు. అయినా మీరు చదివే బైబిల్లోనే హిజ్కియా రాజు మరణకరమైన జబ్బుతో కన్నీళ్లు పెట్టుకుని ప్రార్థించాడు, పదిహేనేళ్ల ఆయుష్షు వాగ్దానంగా పొందాడు, ఆ తర్వాత కూడా యెషయా ప్రవక్త అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. అతని కన్నీళ్లను అక్కడ ఎవరూ అవిశ్వాసం అనలేదు, ఆ ముద్దనూ అనలేదు. మీ గుంటూరుకే 1883లో వచ్చిన మిషనరీ వైద్యురాలు అన్నా కుగ్లర్ దేవుని పిలుపుగా భావించి చేసిన పని స్త్రీలకు వైద్యం చేయడం. ఆమె పేరుతో ఉన్న ఆస్పత్రి మీకు తెలిసే ఉంటుంది. శ్రమలో దేవుణ్ని నమ్ముకోవడానికీ, ఆ శ్రమకు కారణం తెలుసుకోవడానికీ పొత్తు కుదరదని నేను అనుకోను. మీ భయం సహజమైనదే. ఫలితం చేతికి వచ్చాక కూడా నిద్ర పట్టకపోతే, ఆకలి మందగిస్తే ఆ మాట డాక్టరుకు దాచకుండా చెప్పండి.

షుగర్ మాత్రలు కొన్ని ఖాళీ కడుపుతో వేసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. శుక్రవారం మాత్ర ఎలా వేసుకోవాలో, అసలు ఉపవాసం ఉండవచ్చో లేదో మీ డాక్టరును అడగండి. చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే మూడు నాలుగు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి, ఉపవాసం సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఇంట్లో వాళ్లను ఒకరిని తోడు తీసుకెళ్లండి, వాడిన మాత్రల అట్టలన్నీ వెంట ఉంచుకోండి.