పాత గే పల్ప్ నవలలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం 1950, 60ల నాటి అమెరికన్ గే, లెస్బియన్ పేపర్‌బ్యాక్‌ల గురించే. ఉత్తరాలను కుదించి ఇస్తున్నాం.

ప్ర: పల్ప్ అంటే కథ రకమా, కాగితం రకమా? గే పల్ప్ అన్నప్పుడు లెస్బియన్ నవలలూ అందులోకే వస్తాయా?

జ: కాగితం పేరే కథకు అంటుకుంది. కర్రగుజ్జుతో తీసిన చవక కాగితం మీద వేసే కథల పత్రికలను మొదట పల్ప్ అన్నారు. అవి వెనకబడ్డాక ఆ పేరు పాకెట్ సైజు పేపర్‌బ్యాక్‌లకు వచ్చింది. 1939లో పాకెట్ బుక్స్ సంస్థ 25 సెంట్లకు నవలలు అమ్మడం మొదలుపెట్టింది, కానీ అవి చాలావరకు అప్పటికే గట్టి అట్టతో వచ్చినవాటి పునర్ముద్రణలు. 1950లో ఫాసెట్ సంస్థ వాళ్ళ గోల్డ్ మెడల్ విభాగం నేరుగా పేపర్‌బ్యాక్‌గానే కొత్త నవలలు వేయసాగింది. పుస్తకాల షాపు గడప తొక్కనివాళ్ళకు కూడా మందుల షాపులోనో బస్టాండులోనో తీగ స్టాండు తిప్పితే నవల దొరికేది.

వాడుకలో రెండింటినీ కలిపే అంటారు గానీ, చదివేటప్పుడు విడదీసుకోండి. లెస్బియన్ పల్ప్ 1950లో మొదలైంది. పేరున్న సంస్థలే వేశాయి, లక్షల్లో అమ్మాయి, కొన్నవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. మగ గే పల్ప్ వరద వచ్చింది 1966లో. వేసినవి చిన్న సంస్థలు, కొన్నవాళ్ళు గే పాఠకులే. ఒకదాని గురించి చదివినదాన్ని రెండోదానికి అతికిస్తే తప్పులో కాలేసినట్టే. ఇంకో చిక్కు: అమ్మేవాళ్ళు పాత పేపర్‌బ్యాక్ ప్రతిదానికీ పల్ప్ అని పేరు తగిలిస్తారు. గోర్ విడాల్ 1948 నవల ‘ది సిటీ అండ్ ది పిల్లర్’ గట్టి అట్టతో వచ్చిన సాహిత్య నవల. తర్వాత వచ్చిన చవక పేపర్‌బ్యాక్ చూసి దాన్ని పల్ప్ అనేస్తుంటారు.

ప్ర: మూడు లెస్బియన్ పల్ప్ నవలలు చదివాను. మూడింట్లోనూ చివర ఒకామె పిచ్చిదవుతుంది, లేదా చచ్చిపోతుంది, లేదా మగవాణ్ణి పెళ్ళి చేసుకుంటుంది. రాసినవాళ్ళకు వీళ్ళంటే అంత కసి ఎందుకు?

జ: ఆ ముగింపును రచయిత కంటే పోస్టాఫీసు ఎక్కువ రాసింది. అశ్లీలమైనదాన్ని తపాలాలో పంపడం అమెరికాలో 1873 నాటి కామ్‌స్టాక్ చట్టం కింద నేరం. పేపర్‌బ్యాక్ వ్యాపారం నడిచేది తపాలా మీద. 1952లో వచ్చిన ‘స్ప్రింగ్ ఫైర్’ సంగతే చూడండి. విన్ పాకర్ అన్న కలంపేరుతో మారిజేన్ మీకర్ రాసింది. కాలేజీ హాస్టల్లో ఇద్దరమ్మాయిల ప్రేమకథ. సుఖాంతం పెడితే తపాలా వాళ్ళు దాన్ని అశ్లీలం కింద పట్టుకుంటారని గోల్డ్ మెడల్ సంపాదకుడు డిక్ కారల్ ముందే చెప్పేశాడు. దాంతో చివరికొచ్చేసరికి ఒకమ్మాయికి మతి చలిస్తుంది, రెండోది తనెప్పుడూ ఆమెను ప్రేమించలేదని తేల్చుకుంటుంది. పుస్తకం దాదాపు 15 లక్షల ప్రతులు అమ్ముడైంది. పుస్తకం పేరు కూడా కారల్ పెట్టిందే. ఆ రోజుల్లో బాగా అమ్ముతున్న జేమ్స్ మిచెనర్ నవల పేరుకు దగ్గరగా ఉంటే జనం పొరబడి కొంటారని ఆశ!

భయం ఉత్తది కాదు. 1952లోనే ప్రతినిధుల సభ తరఫున గాదింగ్స్ కమిటీ పేపర్‌బ్యాక్‌ల మీద విచారణ జరిపింది. దాని దృష్టిలో పడ్డవాటిలో గోల్డ్ మెడల్ వాళ్ళ ‘విమెన్స్ బారక్స్’ నవల ఒకటి.

అందుకే అనుభవమున్న పాఠకులు చివరి పది పేజీలను పన్ను కట్టిన రసీదులా చూసి పక్కన పెట్టేవారు. మీరూ అలాగే చదవండి. మధ్య పేజీల్లో బార్ ఎక్కడుంది, లోపలికి ఎలా వెళ్ళాలి, ఎలాంటి బట్టలు వేసుకుంటారు, ఏ మాటలు వాడతారు, అన్నీ ఉంటాయి. ఆన్ బానన్ నవలలు (మొదటిది 1957లో ‘ఆడ్ గర్ల్ అవుట్’) చిన్న ఊళ్ళలో ఒంటరిగా ఉన్న ఆడవాళ్ళకు న్యూయార్క్‌లో గ్రీనిచ్ విలేజ్ అనే పేట ఒకటుందని చెప్పాయి. కథ కంటే ఆ చిరునామానే వాళ్ళకు ముఖ్యం.

ఈ కట్టుబాటును దాటిన పుస్తకం కూడా 1952దే. పట్రీషియా హైస్మిత్ క్లేర్ మోర్గన్ పేరుతో రాసిన ‘ది ప్రైస్ ఆఫ్ సాల్ట్’లో ఎవరూ చావరు, ఎవరికీ పిచ్చెక్కదు. అది ముందు గట్టి అట్టతో వచ్చి, మరుసటేడు పేపర్‌బ్యాక్ అయింది.

ప్ర: మగవాళ్ళ నవలలు 1966లోనే ఎందుకు ఒక్కసారిగా పుట్టుకొచ్చాయి?

జ: కోర్టుల వల్ల. లాస్ ఏంజెలెస్‌లో వచ్చే ‘వన్’ అనే గే పత్రిక 1954 అక్టోబర్ సంచికను అక్కడి పోస్ట్‌మాస్టర్ ఆపేశాడు. పత్రిక వాళ్ళు దావా వేసి కింది కోర్టుల్లో రెండుసార్లు ఓడిపోయారు. 1958 జనవరి 13న సుప్రీంకోర్టు, వాదనలు కూడా వినకుండా, అశ్లీలతపై అంతకు ముందేడాది తానే ఇచ్చిన రాత్ కేసు తీర్పును ఉదహరిస్తూ ఒక్క వాక్యంలో ఆ తీర్పులు కొట్టేసింది. స్వలింగ ప్రేమ గురించి రాయడమే అశ్లీలం కాదని తేలింది. 1962లో మగవాళ్ళ దేహదారుఢ్య పత్రికలను తపాలాలో పంపవచ్చని ఇంకో తీర్పు వచ్చింది. ఆ కేసు గెలిచిన లిన్ వోమాక్ తర్వాత వాషింగ్టన్‌లో గిల్డ్ ప్రెస్ ద్వారా గే నవలలూ వేశాడు. 1966లో మరో మెట్టు: సామాజిక విలువ బొత్తిగా లేదని రుజువు చేస్తే తప్ప పుస్తకాన్ని అశ్లీలమనడానికి వీల్లేదని అప్పట్లో తీర్పు వచ్చింది. చెత్త నవలకు సైతం డాక్టరు బిరుదున్న ఎవరో గంభీరమైన ముందుమాట రాసి ఉంటే ఆశ్చర్యపోకండి. అది పాఠకుడి కోసం రాసింది కాదు, జడ్జి కోసం.

చివరి రెండు తీర్పులకు ముందే తెగించినవాళ్ళూ ఉన్నారు. 1961లో లూ రాండ్ ‘ది గే డిటెక్టివ్’ను వేసింది కాలిఫోర్నియా ఫ్రెస్నోలోని సాన్‌ఫోర్డ్ అడే. వేరే పుస్తకాల విషయంలో అతనికి 1963లో మిషిగన్‌లో శిక్ష పడింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసేసరికి 1967 అయింది.

1966లో శాన్ డియాగోలోని గ్రీన్‌లీఫ్ క్లాసిక్స్ తలుపు బార్లా తెరిచింది. విక్టర్ బానిస్ రాసిన ‘ది మేన్ ఫ్రమ్ క్యాంప్’లో జాకీ హోమ్స్ అనే గే గూఢచారి, అతని వెంట సోఫీ అనే తెల్ల పూడిల్ కుక్క. టీవీ గూఢచారులను ఆటపట్టించే సరదా నవల. అందులో గే మనిషి గెలుస్తాడు, బతుకుతాడు, నవ్విస్తాడు. అదే ఏడు రిచర్డ్ అమోరీ ‘సాంగ్ ఆఫ్ ది లూన్’ వచ్చింది. 19వ శతాబ్దపు అడవుల్లో మగవాళ్ళ ప్రేమకథ, అపరాధ భావం మచ్చుకైనా లేదు. అయితే అందులోని ఆదివాసులు తెల్లవాడి కలలోంచి నడిచొచ్చినవాళ్ళు. ఆ లోపాన్ని చూస్తూనే చదవాలి. న్యూయార్క్‌లోని స్టోన్‌వాల్ అనే గే బార్ మీద పోలీసుల దాడికి ఎదురుతిరిగిన స్టోన్‌వాల్ తిరుగుబాటు 1969 జూన్‌లో. అంటే ఈ పుస్తకాలు దానికి మూడేళ్ళు ముందే తీగ స్టాండ్లలో ఉన్నాయి.

ప్ర: రచయిత పేరు ఆడపేరు ఉంటే రాసింది ఆడవాళ్ళేననుకోవచ్చా?

జ: అనుకోకూడదు. జిల్ ఎమర్సన్ అంటే లారెన్స్ బ్లాక్ అనే మగ రచయిత. మరోవైపు జేమ్స్ కోల్టన్ పేరుతో గే నవలలు రాసిన జోసెఫ్ హాన్సెన్, 1970 నుంచి సొంత పేరుతో గే డిటెక్టివ్ నవలలు రాసి పేరు తెచ్చుకున్నాడు. ఒకే కలంపేరును సంస్థ పలువురికి తొడిగిన సందర్భాలూ ఉన్నాయి. ‘ది మేన్ ఫ్రమ్ క్యాంప్’ మీదుండే డాన్ హాలిడే అలాంటి పేరే.

ఏ పుస్తకంలో ఏముందో తెలుసుకోవడానికి పాత దారి ఒకటి ఇప్పటికీ పనికొస్తుంది. బార్బరా గ్రియర్ 1967లో వేసిన ‘ది లెస్బియన్ ఇన్ లిటరేచర్’ జాబితాలో కథలో లెస్బియన్ విషయం ఎంతుందో బట్టి ఎ, బి, సి గుర్తులుంటాయి. టి అని ఉంటే ట్రాష్, అంటే చెత్త. ఆమె ఆ గుర్తు వాడటానికి మొహమాటపడలేదు.

ప్ర: పాత పుస్తకాల పెట్టెలో దొరికిన నవల మీద ఏ సంవత్సరమూ లేదు. ఎప్పటిదో ఎలా తేల్చాలి?

జ: కథ పక్కన పెట్టి, పుస్తకాన్ని వస్తువుగా చూడండి.

మొదట ప్రచురణకర్త చిరునామా. నగరం పేరు తర్వాత ఒకటో రెండో అంకెలు, ఉదాహరణకు ‘న్యూయార్క్ 16’ అని ఉంటే అది పాత తపాలా జోన్ సంఖ్య. అయిదంకెల జిప్ కోడ్ వచ్చింది 1963 జులైలో. జిప్ కోడ్ ఉంటే పుస్తకం అంతకు ముందుది కాదు. జోన్ సంఖ్య ఉన్నంత మాత్రాన ముందుదేనని మాత్రం చెప్పలేం, పాత దిమ్మెలు అలాగే వాడేసినవాళ్ళున్నారు.

తర్వాత ధర. 25 సెంట్లంటే 50ల మొదటి సగం. 35 అంటే ఆ దశకం చివరి సగం. 60ల పెద్దల నవలలు 75, 95 సెంట్లకు ఎగబాకాయి, దశకం చివరికి డాలరు దాటాయి. ధర మీద స్టిక్కరుంటే పీకకండి, అట్ట మీది రంగు దానితోపాటు లేచొస్తుంది. దీపం వెలుగులో పక్కవాటుగా చూస్తే కింద అంకె తెలుస్తుంది.

మూడోది వరుస సంఖ్య. గోల్డ్ మెడల్‌లో ‘విమెన్స్ బారక్స్’ 132, అది 1950ది. ‘స్ప్రింగ్ ఫైర్’ 222, అది 1952ది. మీ దగ్గరున్నది 180 అయితే ఈ రెంటి మధ్య వచ్చిందన్నమాట. తర్వాతి కాలపు సంఖ్యకు ముందు ఎస్ అని ఉంటే 35 సెంట్లు, డి అని ఉంటే 50.

చివరిది వెనక పేజీల్లోని ఆర్డరు కూపన్. అందులో ఉన్న పుస్తకాల్లో అన్నిటికన్నా కొత్తది ఏ ఏడాదిదో చూడండి, మీ ప్రతి అంతకు ముందుది అయ్యే అవకాశం లేదు. అట్ట మీద బార్‌కోడ్ ఉంటే 70ల చివరిదో ఆ తర్వాతదో. కాగితం తెల్లగా, సైజు పెద్దగా, బొమ్మ మాత్రం పాతదిగా ఉంటే అది ఈ కాలపు పునర్ముద్రణ. చదువుకోవడానికి నిక్షేపంగా పనికొస్తుంది, పాత ధర మాత్రం ఇవ్వకండి.

ప్ర: తెరవగానే వెన్ను టక్కున విరిగి నాలుగు కాగితాలు ఊడిపోయాయి. సెల్లోటేపు వేయవచ్చా?

జ: వద్దు. టేపు జిగురు కొన్నేళ్ళకు పసుపెక్కి కాగితంలోకి ఇంకుతుంది, మళ్ళీ రాదు. ఈ పుస్తకాలకు కుట్టు లేదు. కాగితాల అంచు కోసి జిగురు పూశారు, అంతే. ఆ జిగురు ఎండి గాజులా పెళుసవుతుంది. కాగితంలో లిగ్నిన్ అనే కర్రలోని పదార్థం, తయారీలో కలిపిన పటిక కలిసి ఆమ్లం పుట్టిస్తాయి. రంగు మారడానికీ, మూల మడిస్తే విరగడానికీ కారణం అదే.

ఊడినవాటిని వరుస తప్పకుండా అదే చోట పెట్టి, పుస్తకం మొత్తాన్ని పాలిప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ కవరులో, వెనక ఆమ్లరహిత అట్టతో ఉంచండి. పీవీసీ కవర్లు, రబ్బరు బ్యాండ్లు కూడదు. చదివేటప్పుడు 90 డిగ్రీలకు మించి తెరవకండి, రెండు పక్కలా మెత్తటి ఆసరా పెట్టండి. చల్లటి చోట, తేమ 35 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. అటకా, నేలమాళిగా రెండూ శత్రువులే.

పురుగు కనిపిస్తే పాలిథిన్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పొద్దు. విప్పితే చల్లటి కాగితం మీద నీరు పట్టి, పురుగు చేయని పాడు నీరు చేస్తుంది. బూజుకు ఈ వైద్యం పనిచేయదు, నిద్రపుచ్చుతుందంతే.

ప్ర: స్కాన్ చేసి అందరికీ పంచవచ్చా?

జ: ముందు సంవత్సరం తేల్చుకోండి. అమెరికాలో 1964కు ముందు వచ్చిన పుస్తకానికి 28వ ఏట కాపీరైట్ పునరుద్ధరణ చేయించకపోతే హక్కు పోయింది. 1952 నవలకైతే 1979, 1980 నమోదుల్లో వెతకాలి, కలంపేరుతోనూ అసలు పేరుతోనూ. 1964 నుంచి 1977 మధ్య కాపీరైట్ ప్రకటనతో వచ్చినవాటికి 95 ఏళ్ళ హక్కు దానంతటదే ఉంటుంది. 1966 నవల 2061 చివరిదాకా కదలదు. ప్రకటనే అచ్చు వేయకుండా వదిలేసిన పుస్తకమైతే హక్కు మొదట్లోనే పోయింది. అందుకే పేరు పేజీ వెనక వైపు చూడకుండా ఏ నిర్ణయానికీ రాకండి.

ప్ర: కొనే స్తోమత లేదు. చూడటానికి ఎక్కడికి వెళ్ళాలి?

జ: కార్నెల్ విశ్వవిద్యాలయంలోని హ్యూమన్ సెక్సువాలిటీ కలెక్షన్, లాస్ ఏంజెలెస్‌లోని వన్ ఆర్కైవ్స్, బ్రూక్లిన్‌లోని లెస్బియన్ హెర్‌స్టరీ ఆర్కైవ్స్. వెళ్ళేముందు రాసి, పుస్తకం పేరుతోపాటు సంస్థ, వరుస సంఖ్య, కలంపేరు ఇవ్వండి. ఒకే పేరుతో రెండు మూడు పుస్తకాలుంటాయి, ఒకే పుస్తకం రెండు పేర్లతోనూ వచ్చి ఉంటుంది. ‘ది గే డిటెక్టివ్’ కూడా తర్వాత ‘రఫ్ ట్రేడ్’ అని పేరు మార్చుకుని మళ్ళీ అచ్చయింది. ఫొటో అడిగితే వెనక అట్టనూ, చివరి ప్రకటనల పేజీలనూ కలిపి అడగండి. చాలామంది ముందు అట్ట ఒక్కటే తీసి పంపిస్తారు.