తాతగారి పెట్టెలో జపాన్ నోట్లు, యుద్ధం నాటి మ్యాపు దొరికాయి, అమ్మితే ఎంతొస్తాది? ఎలా దాచాలి?

మా ఇంట్లోనూ సేమ్ ఇదేనండీ. మాది నరసన్నపేట దగ్గర పల్లె, మా తాత రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో, మణిపూర్‌లోని ఇంఫాల్ వైపు మిలటరీ లారీ తోలాడు.

ముందు నోట్ల సంగతి. 1942లో జపానోళ్ళు బర్మాని పట్టుకున్నాక అక్కడ వాడకానికి కొట్టినవి అవి, రూపాయలనే ఉంటాది, నోటు మీద ఇంగ్లీషు కోడ్ అక్షరాల్లో మొదటిది బి ఉంటే బర్మావి. యుద్ధం అయ్యాక చిత్తుకాగితాలే, సిపాయిలు గుర్తుకని తెచ్చీసుకున్నారు, అందుకే ఇప్పటికీ చవకే. మా మావయ్య లక్షలొస్తాయని వైజాగ్ పట్టుకెళ్ళాడు, బస్సు చార్జీలైనా రాలేదు.

అసలు సరుకు మ్యాపే. మాదాంట్లో జపాన్ అక్షరాలుంటే జపాన్ మ్యాపే అనుకున్నాను, తీరా చూస్తే కింద ఉన్నది మన సర్వే ఆఫ్ ఇండియా (సర్కారు మ్యాపులేసే ఆఫీసు) షీటే, జపాన్ ఆర్మీ బ్రిటిషోళ్ళ మ్యాపుల్ని కాపీ కొట్టి వాటి మీద తమ అక్షరాలేసుకుని వాడేది, అది మళ్ళీ మనోళ్ళకే దొరికింది. మీదాని మీద షీట్ నెంబర్ చూడండి, 83, 84 అయితే మణిపూర్-బర్మా బోర్డర్ వైపు, అదే 65ఎన్ అయితే మన విజయనగరం, శ్రీకాకుళమే.

ఇప్పుడు నేను చేసిన వెధవ పని: పాడైపోతాదని జెరాక్స్ షాపులో లామినేషన్ చేయించీసాను. ఆ వేడికి మడతలు అతుక్కుపోయాయి, పెన్సిల్ గీతొకటి ఉండేది, అదీ మసకబారింది, ఇక విప్పడానికి లేదు. మీరు మాత్రం లామినేషన్, సెల్లోటేపు జోలికెళ్ళకండి. ఫొటో తీసి, యాసిడ్ లేని కాగితాల మధ్య మడత పెట్టకుండా పరిచి బీరువాలో పెట్టండి, మన సముద్రపు గాలికి అటక మీద పెట్టారంటే వానాకాలంలో బూజు, తర్వాత చెదలు.

పెట్టెలో జపాన్ జెండా కూడా ఉండి, దాని మీద ఎర్ర బింబం చుట్టూ చేతిరాతలుంటే అది ఎవరో సిపాయికి వాళ్ళ ఇంటోళ్ళు, ఊరోళ్ళు రాసిచ్చింది, అలాంటివి ఆ కుటుంబాలకి తిరిగి చేరుస్తున్నవాళ్ళున్నారు, నేనైతే అమ్మను. గుండో గ్రెనేడో కనిపిస్తే ముట్టుకోకుండా 112కి ఫోన్ కొట్టండి.

ఇంకోటి, ఇంట్లో పెద్దోళ్ళుంటే ఇప్పుడే అడిగి ఫోన్‌లో రికార్డు చేసీండి. మా మ్యాపు మీద గోధుమరంగు మరకలుంటే అది రక్తమని ఫ్రెండ్సందరికీ చెప్పుకు తిరిగాను. మా నానమ్మ ఉన్నప్పుడు ఓ రోజు అడిగితే, నోట్లో అడ్డచుట్ట తీసి "రగతమేట్రా, మీ తాత అందులో పొగాకు చుట్టి తెచ్చాడు" అంది.