మనవడి వంశవృక్షంలో మేఫ్లవర్ ప్రయాణికుడు

ప్రశ్న: మా అల్లుడు అమెరికా దేశస్థుడు. 1620లో ఇంగ్లండు నుంచి వలసదారులను అమెరికాకు తెచ్చిన మేఫ్లవర్ ఓడలో వచ్చిన జాన్ హౌలాండ్ తమ మూలపురుషుడని వియ్యాలవారు చెబుతారు. మనవడి కోసం ఇరువైపుల వంశవృక్షం రాయించాలనుకుంటున్నాము. వారి మాటను నిర్ధారించుకోవడం ఎలా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: హౌలాండ్ దగ్గర మొదలుపెట్టి కిందికి రాకండి, మీ అల్లుడి దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్ళండి. ఫలానావారు ఫలానావారి బిడ్డ అని చెప్పే పత్రం చేతికి వచ్చిన తరువాతనే పై తరానికి పోవాలి. మన జిల్లాలో ఒకే ఇంటిపేరు వేర్వేరు గోత్రాల వారికి ఉన్నట్టే అక్కడా పేరు కలిసినంత మాత్రాన వంశం కలవదు. పెళ్ళితో ఆడవారి ఇంటిపేరు మారుతుంది కనుక, హౌలాండ్ అన్న పేరే లేని కుటుంబం ఆయన సంతతి కావడమూ సాధ్యమే.

అమెరికాలో 1790 నుంచి పదేళ్ళకొకసారి జనగణన జరుగుతున్నా, 1850కి ముందు ఇంటి యజమాని పేరు మాత్రమే రాసేవారు. 1890 నాటి పత్రాలు 1921 అగ్నిప్రమాదం కారణంగా చాలావరకు నశించాయి. అందువల్ల పాత తరాలకు వీలునామాలు, భూమి దస్తావేజులు, చర్చి రిజిస్టర్లు, మసాచుసెట్స్ ఊళ్ళలోని జనన మరణాల పుస్తకాలు చూడాలి. వీటిలో వీలునామాకే నేను ఎక్కువ విలువ ఇస్తాను, ఎందుకంటే పెళ్ళయిన కూతుళ్ళ పేర్లు అత్తవారి ఇంటిపేర్లతో సహా దొరికేది తరచుగా అందులోనే. 1752కి ముందు ఇంగ్లండులోనూ దాని వలసలలోనూ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కనుక, ఆనాటి జనవరి, ఫిబ్రవరి తేదీలను జాగ్రత్తగా చదవాలి.

ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే మాట ఎంత దారి తప్పగలదో హౌలాండ్ చరిత్రే చెబుతుంది. ఆయన, మేఫ్లవర్‌వారు మసాచుసెట్స్‌లో నెలకొల్పిన ప్లిమత్ వలసకు తొలి గవర్నరైన జాన్ కార్వర్ సేవకుడిగా వచ్చి, దారిలో తుఫానుకు సముద్రంలో పడి, తాడు పట్టుకుని బతికాడు. ఆయన కార్వర్ ఇంటి ఆడపిల్లనే పెళ్ళాడాడని చాలాకాలం నమ్మారు. తరువాతి గవర్నరు విలియం బ్రాడ్‌ఫర్డ్ స్వయంగా రాసిన, ఎప్పుడో కనబడకుండా పోయిన ఆ వలస చరిత్ర ప్రతి 1855లో లండన్ బిషప్ గ్రంథాలయంలో బయటపడింది. హౌలాండ్ భార్య ఎలిజబెత్ అదే ఓడలో వచ్చిన జాన్ టిల్లీ కూతురని అందులో ఉంది. ఆమెకు 1607లో బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని హెన్లో గ్రామ చర్చిలో బాప్తిస్మం జరిగినట్టు నమోదు కూడా దొరికింది.

మీకు పై తరాల శ్రమ చాలావరకు తప్పుతుంది. 1897లో ఏర్పడిన మేఫ్లవర్ వారసుల సంఘం ఆ ప్రయాణికుల తొలి ఐదు తరాలను ఆధారాలతో పుస్తకాలుగా అచ్చువేస్తున్నది. మీ అల్లుడి నుంచి ఆ ఐదో తరం దాకా గొలుసు కలిపితే చాలు. ఆధారం దొరకని చోట చుక్కల గీత గీయించండి. ఇప్పటికి మాత్రం మీ వియ్యపురాలిని ఆమె అత్తగారి పుట్టింటి పేరు, ఆ ఇంటివారి ఊరు అడిగి రాసుకోండి.