ఎయిర్‌లైన్ ఉన్నట్టుండి ఆగిపోయింది, మా కాశీ టికెట్ల డబ్బులు ఎవర్ని అడగాలి?

ప్రశ్న: సార్, మాది గుంటూరు. నాన్నగారి సంవత్సరీకం అయ్యాక అమ్మని కాశీ తీసుకెళ్దామని ఆరుగురికి హైదరాబాద్ నుంచి వారణాసికి రానూపోనూ టికెట్లు కొన్నాం, ఒక్కొక్కటి 9,200. నాలుగు మా అబ్బాయి క్రెడిట్ కార్డు మీద ఆ ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లోనే తీశాడు, రెండు మా ఊరి ట్రావెల్ ఏజెంట్ దగ్గర తీశాం, వాటికి బావగారు ఫోన్‌పే చేశారు. ఇంకా తొమ్మిది రోజుల్లో ప్రయాణం అనగా ఫ్లైట్లన్నీ క్యాన్సిల్ అని మెయిల్ వచ్చింది. చిన్న కంపెనీ, నడపడానికి డబ్బుల్లేవట. కస్టమర్ కేర్ వాళ్ళు ఫోన్ ఎత్తరు, ఎత్తితే క్రెడిట్ షెల్‌లో వేస్తాం ఏడాదిలోపు వాడుకోండి అంటారు. దివాలా పిటిషన్ వేస్తారని టీవీలో చెప్తున్నారు. ఏజెంట్ నాకేం సంబంధం లేదంటున్నాడు. కన్స్యూమర్ కోర్టుకి వెళ్ళాలా?

జవాబు: అమ్మా, మీరు కంపెనీ పేరు రాశారు గానీ ఇక్కడ వెయ్యట్లేదు, పేరు ఏదైనా చెయ్యాల్సింది ఒకటే. కోర్టు సంగతి తర్వాత, ముందు మీ అబ్బాయిని రేపే బ్యాంకుతో మాట్లాడమనండి. ఇలాంటి కేసుల్లో డబ్బు పోయేది చట్టం లేక కాదు, ఏమవుతుందో చూద్దాం అని కూర్చోవడం వల్ల, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

క్రెడిట్ షెల్‌కి, అంటే డబ్బు వెనక్కి ఇవ్వకుండా మళ్ళీ వాళ్ళ టికెట్‌కే వాడుకోమని వాళ్ళ దగ్గరే ఉంచే ఖాతాకి, మాత్రం ఒప్పుకోకండి. డబ్బు షెల్‌లో ఉంచుకోవాలా వెనక్కి తీసుకోవాలా అన్నది ప్రయాణికుడి ఇష్టం, ఎయిర్‌లైన్ తనంతట తాను అలా వెయ్యకూడదు అని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రూల్‌లోనే ఉంది, క్రెడిట్ కార్డుతో కట్టినదైతే క్యాన్సిల్ అయిన 7 రోజుల్లో కార్డుకి తిరిగి రావాలి అని కూడా అందులోనే ఉంది. నా దగ్గరికి ఒక పెద్దాయన వచ్చారు, ఇంకో కంపెనీ కేసు, షెల్ కోడ్ ఉన్న కాగితం ప్రింట్ తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నారు, ఆ కోడ్ కొట్టడానికి వెబ్‌సైటే తెరుచుకోవట్లేదు. ఆ కాగితం చూసినప్పుడు నాకు చాలా బాధేసింది, ఎందుకంటే ఆయన ఎస్ అని నొక్కినందుకే బ్యాంకు దారి కూడా కష్టమైపోయింది. అలాగే మీరుగా వెళ్ళి క్యాన్సిల్ బటన్ నొక్కొద్దు, మీరు నొక్కితే మీరే మానుకున్నట్టు రికార్డవుతుంది. ఫ్లైట్ క్యాన్సిల్ చేసింది వాళ్ళు, ఆ మెయిల్ అలాగే ఉండనివ్వండి.

ఇక బ్యాంకు సంగతి. కార్డుతో కట్టి సర్వీసు అందకపోతే చార్జ్‌బ్యాక్, అంటే ఆ డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి ఇప్పించమని, అడగొచ్చు. కార్డు ఇచ్చిన బ్యాంకుకి ఫోన్ చేసి "సర్వీస్ నాట్ ప్రొవైడెడ్, ఎయిర్‌లైన్ ఆపరేషన్స్ ఆపేసింది" అని డిస్ప్యూట్ వెయ్యమనండి, టికెట్, పీఎన్ఆర్, క్యాన్సిల్ మెయిల్, స్టేట్‌మెంట్‌లో ఆ ఎంట్రీ ఉన్న పేజీ జతచేయండి, సర్వీస్ రిక్వెస్ట్ నంబర్ రాసుకోండి. గడువు కార్డుని బట్టి ఉంటుంది, మామూలుగా ప్రయాణం చెయ్యాల్సిన తేదీ నుంచి 120 రోజులు, కానీ మీ బ్యాంకు ఎంత అంటుందో అడిగి దానికంటే చాలా ముందే వెయ్యండి. ఇందులో మంచి ఏంటంటే డబ్బు ఎయిర్‌లైన్ జేబులోంచి రావాలని లేదు, ఎయిర్‌లైన్ తరఫున కార్డు పేమెంట్లు తీసుకునే బ్యాంకు మీద పడుతుంది, అందుకే దివాలా కేసు మొదలైనా ఈ దారి మూసుకుపోదు. మీ బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, కుదరదన్నా బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా కంప్లైంట్ పెట్టొచ్చు. మీ 55,200లో 36,800 ఈ దారిలోనే ఉంది.

దివాలా అంటే ఏం జరుగుతుందో గో ఫస్ట్ ఉదాహరణతో చెప్తాను. మీకు గో ఎయిర్ అంటే తెలుస్తుంది, పేరు తర్వాత మార్చారు. అది ఇంత చిన్నది కాదు, యాభైకి పైగా విమానాలున్న కంపెనీ, ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లు సమయానికి రాలేదని 2023 మే 2న తనే వెళ్ళి ఢిల్లీ ఎన్‌సీఎల్‌టీలో, అంటే కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్‌లో, పిటిషన్ వేసుకుంది, మర్నాటి నుంచి ఫ్లైట్లు లేవు. మే 4న డీజీసీఏ రూల్ ప్రకారం రిఫండ్లు ఇవ్వమంది. మే 10న ట్రిబ్యునల్ పిటిషన్ అడ్మిట్ చేసింది, అంటే విచారణకు తీసుకుంది, అంతే, మారటోరియం మొదలైంది. అంటే దివాలా చట్టం సెక్షన్ 14 కింద ఆ కంపెనీ మీద కొత్త కేసు వెయ్యకూడదు, ఉన్న కేసు నడవదు, కోర్టు డబ్బు ఇవ్వమని తీర్పు ఇచ్చినా దాన్ని అమలు చేయించుకోలేం. ఫ్లైట్లు ఆగడానికీ తలుపు మూసుకోవడానికీ మధ్య వారం ఉందంతే. తర్వాత ఇదిగో మళ్ళీ మొదలెడతాం అంటూ క్యాన్సిల్ తేదీ పొడిగిస్తూ పోయారు, జనం ఎదురుచూశారు. 2024 ఏప్రిల్ 26న ఢిల్లీ హైకోర్టు ఆ 54 విమానాల రిజిస్ట్రేషన్ రద్దు చెయ్యమంది, 2025 జనవరి 20న కంపెనీని లిక్విడేషన్‌కి పంపారు, అంటే ఆస్తులు అమ్మి వచ్చింది పంచి మూసెయ్యడం.

మన విజయవాడ ఎయిర్ కోస్టా గుర్తుందా, 2013 అక్టోబర్లో మొదలై 2017 ఫిబ్రవరి 28తో ఆగింది, మళ్ళీ ఎగరలేదు. ఇలాంటి కంపెనీలకి విమానాలు సొంతం కాదమ్మా, అద్దెవి, అద్దె కట్టకపోతే ఓనర్లు పట్టుకుపోతారు. గో ఫస్ట్ అప్పుడు మారటోరియం చూపించి విమానాలు ఆపగలిగారు గానీ 2023 అక్టోబర్ 3 నోటిఫికేషన్‌తో విమానాలకీ ఇంజన్లకీ ఆ రక్షణ తీసేశారు, కాబట్టి ఇప్పుడు పడిపోయిన చిన్న కంపెనీ చేతిలో విమానమే మిగలదు. మళ్ళీ ఎగురుతుంది అప్పుడు వెళ్దాం అన్న ఆశ మీద ఒక్క రోజు కూడా ఖర్చుపెట్టకండి.

పిటిషన్ అడ్మిట్ అయితే ఏం చెయ్యాలంటే, ట్రిబ్యునల్ పెట్టిన ఇంటెరిమ్ రిజల్యూషన్ ప్రొఫెషనల్, అంటే కంపెనీని తాత్కాలికంగా చూసుకునే ఆయన, పేపర్లో ప్రకటన ఇస్తారు, దివాలా వ్యవహారాల నియంత్రణ సంస్థ ఐబీబీఐ వెబ్‌సైట్‌లో కూడా ఉంటుంది, ఆయన నియామకం నుంచి 14 రోజుల్లో క్లెయిమ్ వెయ్యాలి, ఆలస్యమైతే కారణం రాసి 90 రోజుల వరకు వెయ్యొచ్చు. సర్వీసు కోసం ముందుగా కట్టిన డబ్బు కూడా ఆపరేషనల్ అప్పే, అంటే రుణం కాకుండా సరుకులు, సర్వీసుల మీద వచ్చే బాకీయే, అని 2022లో సుప్రీంకోర్టు హిట్రో ఎనర్జీ కేసులో చెప్పింది కాబట్టి మీకు అలాంటి బాకీల క్లెయిమ్‌కి వాడే ఫారం బి వర్తిస్తుంది, అయినా ప్రకటనలో ప్రయాణికులకి వేరే ఫారం చెప్తే అదే వాడండి. ఫీజు లేదు, మెయిల్‌లో పంపొచ్చు, లాయర్ అక్కర్లేదు. కానీ నిజం చెప్పాలి, లిక్విడేషన్‌కి వెళ్తే సెక్షన్ 53 వరసలో ముందు ప్రాసెస్ ఖర్చులు, తర్వాత తాకట్టు పెట్టుకున్న బ్యాంకులు, వాళ్ళతో సమానంగా కార్మికుల 24 నెలల బకాయిలు, తర్వాత మిగతా ఉద్యోగుల జీతాలు, గవర్నమెంట్ బకాయిలు, ఇవన్నీ అయ్యాకే మీరు. నెలల తరబడి జీతం రాని పిల్లలు మీకంటే ముందుండటం న్యాయమే, నేను కాదనను, కానీ మీ వరకు వచ్చేసరికి ఏమీ మిగలకపోవచ్చు. అయినా క్లెయిమ్ వెయ్యండి, వెయ్యనివాళ్ళకి ఆ కొంచెం కూడా రాదు. ఒకవేళ చార్జ్‌బ్యాక్ వస్తే అంతమేరకు క్లెయిమ్ వెనక్కి తీసుకోండి, ఒకే డబ్బు రెండుసార్లు అడగకూడదు.

కన్స్యూమర్ కోర్టు అడిగారు, దాన్నే ఇప్పుడు కన్స్యూమర్ కమిషన్ అంటారు. పిటిషన్ ఇంకా అడ్మిట్ కాలేదంటే ఈ వారమే ఈ-జాగృతి పోర్టల్‌లో వెయ్యొచ్చు, గుంటూరు జిల్లా కమిషన్‌లోనే, మీరు ఉన్నచోటే వేసుకునే హక్కు 2019 చట్టంలో ఉంది, 5 లక్షల లోపు ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. అడ్మిట్ అయ్యాక ఎయిర్‌లైన్ మీద ఆ కేసు ఆగిపోతుంది. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కూడా కంప్లైంట్ రాయించండి, విమాన ప్రయాణికుల ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవలో కూడా పెట్టండి, డబ్బు వాటితోనే వస్తుందని కాదు, మీరు తేదీ ప్రకారం అడిగినట్టు రాతలో ఉంటుంది.

ఇక మీ ఏజెంట్. ఏజెంట్ ద్వారా కొన్న టికెట్‌కి కూడా రిఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్‌దే అని డీజీసీఏ అంటుంది, కాబట్టి ఆయన మాటలో కొంత నిజం ఉంది, కానీ నాకేం సంబంధం లేదు అనడం తప్పు. చాలా ఎయిర్‌లైన్లు ఏజెంట్ ముందే కట్టిన డిపాజిట్లోంచి టికెట్ ఇస్తాయి, రిఫండ్ కూడా ఆ డిపాజిట్‌కే వేస్తాయి, మీ ఖాతాకి కాదు. అందుకని రాతపూర్వకంగా మూడు సంగతులు అడగండి, డబ్బు ఎయిర్‌లైన్‌కి ఏ తేదీన కట్టారు, ఆయన తీసుకున్న సర్వీస్ చార్జీ ఎంత, రిఫండ్ ఆయన డిపాజిట్‌లో పడిందా. పడి ఉంటే అది మీ డబ్బు, ఇవ్వకపోతే ఆయన మీద కమిషన్‌కి వెళ్ళొచ్చు, మారటోరియం కాపాడేది ఎయిర్‌లైన్‌నే గానీ ఏజెంట్‌ని కాదు. పడకపోతే ఆ రెండు టికెట్ల క్లెయిమ్ ఆయన వేస్తారా మీరు వేస్తారా తేల్చుకోండి, ఒకే డబ్బుకి ఇద్దరూ వెయ్యకూడదు. బావగారిని ఫోన్‌పేలోనూ ఆయన బ్యాంకులోనూ కంప్లైంట్ వెయ్యమనండి, కార్డు అంత బలమైన దారి కాదు, డబ్బు ఏజెంట్‌కి చేరింది కాబట్టి, అయినా వెయ్యమనండి.

ఎయిర్‌లైన్ వెబ్‌సైట్ ఇంకా తెరుచుకుంటుంటే ఈ రాత్రే ఆరు టికెట్ల బుకింగ్ పేజీలూ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తేదీ కనబడేలా. కాశీకి రైల్లో వెళ్ళినా వేరే ఫ్లైట్‌లో వెళ్ళినా ఆ టికెట్లు కూడా దాచండి, ఎక్కువైన ఖర్చు కమిషన్‌లో అడగడానికి అవే ఆధారం.