ప్యాకేజీలో లేని బిల్లు

ప్రశ్న: మా చెల్లెలు విదేశంలో టమ్మీ టక్ (పొట్ట మీది వదులు చర్మం కోసి బిగించే ఆపరేషన్), లైపోసక్షన్ (కొవ్వును గొట్టంతో లాగేయడం) కలిపి చేయించుకుంటానంటోంది. ఆపరేషన్, హోటల్, కారు అన్నీ ఒకే ప్యాకేజీ. తేడా వస్తే ‘ఉచితంగా సరిచేస్తాం’ అని రాసిచ్చారు. నమ్మవచ్చా?

జవాబు: ఆ కాగితాన్ని మరోసారి చదవమనండి. ‘ఉచితం’ అన్నది తరచూ సర్జన్ ఫీజు వరకే. మత్తు డాక్టరు, థియేటర్, గది, మందులు, మళ్లీ విమాన టికెట్లు అన్నీ మీవే. పైగా సరిచేయించుకోవాలంటే అక్కడికే వెళ్లాలి. చీము పట్టిన పొట్టతోనో, కాలిలో రక్తం గడ్డతోనో విమానం ఎక్కలేరు కదా! ఇంటి దగ్గరి ఆస్పత్రే గతి అవుతుంది.

ఖర్చు ఎలా పెరుగుతుందో చూడండి. టమ్మీ టక్‌లో కిందికి లాగి కుట్టిన చర్మానికి మధ్యభాగంలో రక్తప్రసరణ తక్కువ. అక్కడే లైపోసక్షన్ ఎక్కువగా చేసినా, మనిషికి పొగతాగే అలవాటున్నా ఆ చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు. దాన్ని థియేటర్‌లో కోసి తీసేయాలి, అదీ ఒక్కసారితో అయిపోకపోవచ్చు. తర్వాత గాయంలోని ద్రవాన్ని పంపుతో లాగే వాక్యూమ్ డ్రెసింగ్ పెట్టి 2, 3 రోజులకోసారి మార్చాలి. గాయం శుభ్రపడ్డాక అంచులు కలిపి కుడతారు, లేదా తొడ నుంచి పలుచటి చర్మం తీసి అతికిస్తారు. ఇదంతా వారాల పని. ఈలోగా జీతం పోతుంది. మిగిలిన మచ్చను సరిచేయడానికి సాధారణంగా 6 నెలల నుంచి ఏడాది ఆగమంటారు. దానికి బీమా దొరకడం కష్టం.

మామూలు ప్రయాణ బీమా కూడా ముందే అనుకుని చేయించుకునే ఆపరేషన్ల చిక్కులను చాలావరకు మినహాయిస్తుంది. విడిగా పాలసీ తీసుకుంటే ఐసీయూ ఉందా, ఇంటికొచ్చాక ఎన్ని రోజుల వరకు వర్తిస్తుంది అన్నవి రాతపూర్వకంగా అడగాలి. ఇక రెండు ఆపరేషన్లూ ఒకేసారి ఎందుకంటారా? సెలవుకు సరిపోవాలి గనక. ఆపరేషన్ సమయం పెరిగేకొద్దీ రక్తం గడ్డకట్టే ముప్పూ పెరుగుతుంది.

ప్రశ్న: విదేశంలో రొమ్ముల్లో ఇంప్లాంట్లు (కృత్రిమ సంచులు) పెట్టించుకుని వచ్చిన 6 వారాలకు కుట్ల పక్కన ఎర్రటి గడ్డలు లేచి, పలుచటి చీము వస్తోంది. రెండు కోర్సులు యాంటీబయాటిక్స్ వాడాను. చీములోని క్రిములను పెంచి చూసే కల్చర్‌ పరీక్షలో ఏమీ పెరగలేదన్నారు.

జవాబు: మామూలు కల్చర్‌ను కొద్ది రోజుల్లోనే ముగించేస్తారు. మైకోబాక్టీరియం అబ్సెసస్ లాంటివి అంత త్వరగా పెరగవు. ఇవి క్షయ క్రిమికి బంధువులే గానీ క్షయ కాదు, నీటిలో బతుకుతాయి. పరికరాలు సరిగ్గా స్టెరిలైజ్ కాకపోయినా, కుళాయి నీళ్లు తగిలినా గాయంలోకి చేరతాయి. డొమినికన్ రిపబ్లిక్‌లో సర్జరీ చేయించుకుని వచ్చిన అమెరికన్లలో 2013-14లో ఇలాంటి కేసులు గుంపుగా బయటపడ్డాయి.

దూదిపుల్లతో తీసినది చాలదు. సూదితో లాగిన చీమునో, చిన్న కణజాలం ముక్కనో ఏఎఫ్‌బీ స్మియర్‌కు (ఈ జాతి క్రిములను రంగు వేసి మైక్రోస్కోపులో చూసే పరీక్ష), మైకోబాక్టీరియా కల్చర్‌కు పంపమని సర్జన్‌ను అడగండి. ఏ మందుకు లొంగుతుందో కూడా పరీక్షించాలి. అంతవరకు సొంతంగా మూడో కోర్సు మొదలెట్టవద్దు. ఒక్క మందే వాడితే క్రిమి మొండికేస్తుంది. అదే అని తేలితే రెండు మూడు మందులు కలిపి నెలల తరబడి వాడాలి, మొదట్లో కొన్ని సిర ద్వారా ఎక్కించాల్సి రావచ్చు. అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే కిడ్నీ, వినికిడి పరీక్షల ఖర్చు అదనం. ఇంప్లాంట్‌ను చాలావరకు తీసేయాల్సిందే.

ప్రశ్న: ఆపరేషన్ అయిన ఎన్ని రోజులకు విమానం ఎక్కవచ్చు? ఏ కాగితాలు తెచ్చుకోవాలి?

జవాబు: ఛాతీ, పొట్ట ఆపరేషన్లకు కనీసం 10 రోజులు, ముఖం, కనురెప్పలు, ముక్కుకు 7 నుంచి 10 రోజులు ఆగమని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ సలహా. ఆ బస ఖర్చూ మొదటే లెక్కలో వేసుకోండి. ఆపరేషన్ నోట్స్, మత్తు రికార్డు, మందుల పేర్లు, డోసులు, ఇంప్లాంట్ స్టిక్కర్ తెచ్చుకోవాలి. స్టిక్కర్ మీద తయారీదారు, సీరియల్ నంబర్ ఉంటాయి. 2010లో ఫ్రాన్స్‌కు చెందిన పీఐపీ కంపెనీ రొమ్ము ఇంప్లాంట్లను మార్కెట్ నుంచి తీసేసినప్పుడు తమ ఒంట్లో ఉన్నది అదో కాదో తేల్చుకోవడానికి కావాల్సింది ఈ వివరాలే.

ఒక కాలి పిక్క వాచినా, ఆయాసం వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. వెన్నులో మత్తు తీసుకున్నవారికి తగ్గని తలనొప్పి, మెడ బిగుసుకోవడం ఉన్నా అంతే. 2023లో మెక్సికోలోని మతామొరోస్‌లో అలా మత్తు తీసుకున్నవారికి ఫంగల్ మెనింజైటిస్ (ఫంగస్ వల్ల మెదడు పొరలకు వచ్చే వాపు) సోకి కొందరు చనిపోయారు. వెన్నులో మత్తు ఎక్కడ, ఏ తేదీన ఇచ్చారో డాక్టరుకు ముందే చెప్పండి. వారు అడిగేదాకా ఆగవద్దు.